ఇస్త్రీ చేసిన చరిత్ర

మా టీమ్ లీడర్‌కి ఇస్త్రీ సార్ అని పేరు పెట్టింది నేనే. ప్రోగ్రాములో ఎవరు ఏ వరుస మార్చారో గుర్తుంచుకోవడానికి మేము మొదట్లో మెర్క్యూరియల్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళం. ఒకసారి నమోదైన మార్పును చెరపడానికి అది తేలిగ్గా ఒప్పుకోదు. నాకు నచ్చింది అదే. ఆయనకేమో గిట్ అనే ఇంకోటి కావాలి. అందులో పాత మార్పులను కలిపెయ్యొచ్చు, తీసెయ్యొచ్చు, తిరగరాయొచ్చు.

"ముడతలు ఎవరిక్కావాలమ్మా? చరిత్ర చూసేవాళ్ళకి శుభ్రంగా కనపడాలి," అన్నాడు మీటింగులో.

"జరిగింది జరిగినట్టుంటే చాలు సార్," అన్నాను. అందరూ ఆయనవైపే తలూపారు. గిట్ వచ్చింది.

బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ వేడెక్కితే గంట మోగించడం మా ప్రోగ్రాము పని. ఒక ఆదివారం గంట మోగలేదు. నిల్వ ఉన్న రక్తమంతా పారబోశారు. సోమవారం చూస్తే, గంటను ఆపేసిన వరుస పక్కన నా పేరుంది! పరీక్ష కోసం గంట ఆపి, మళ్ళీ పెట్టడం మరిచిపోయింది ఆయన. ఆ మార్పు ఆయన పేరుతో ఉండగా అప్పట్లోనే నేను కళ్ళారా చూశాను, పరీక్ష కాగానే తీసేస్తాడనుకున్నాను. ఇప్పుడు సర్వర్లో చరిత్రకు ఇస్త్రీ అయిపోయింది. సర్వర్ పాడైందని చెప్పి అందరిచేతా కొత్త కాపీలు దింపించాడు. నేను ఆఫీసుకొచ్చేలోపే నా మెషీన్‌ని రిపేరు పేరుతో తుడిపించాడు.

"ఒప్పేసుకో. ఉద్యోగం పోకుండా నేను చూస్తాలే," అన్నాడు జాలిగా. ఆ జాలికే నా ఒళ్ళు మండింది. ఈ మనిషిని వదలకూడదనుకున్నాను.

ఆయన మరిచిపోయింది ఒకటుంది. గిట్ అయినా, మెర్క్యూరియల్ అయినా చరిత్ర ఒక్కచోటే ఉండదు. ప్రతి మెషీన్‌లోనూ మొత్తం ఉంటుంది. మా పెద్దమ్మ కూతురు కూడా మా టీమే. ఆ మార్పు నమోదయ్యాకే పురిటి సెలవు మీద వెళ్ళింది.

"అక్కా, ఈమధ్య ల్యాప్‌టాప్ తెరిచావా?" అని ఫోన్ చేసి అడిగాను.

"వీడు నన్ను కన్ను మూయనిస్తేగా! బీరువాలో పొత్తిగుడ్డల కింద ఉంది. ఏమైందే?"

"ముట్టుకోకు. వస్తున్నా."

విచారణలో ఆ ల్యాప్‌టాప్ డైరెక్టర్ గారి ముందు పెట్టాను. అందులో ఆ వరుస పక్కన ఇస్త్రీ సార్ పేరుంది.

"వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళండీ. కూర్చుని వండారు," అన్నాడాయన.

"అయితే ఫ్రిజ్‌నే అడుగుదాం," అన్నాను. గిట్‌లో ప్రతి మార్పుకీ అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక గుర్తు ఉంటుంది. పాతదాంట్లో ఒక్క పేరు మారినా, దాని గుర్తూ, ఆ తర్వాతివన్నీ మారిపోతాయి. మేము పంపిన ప్రోగ్రాము గుర్తు ఫ్రిజ్ తెర మూల కనిపిస్తుంది. బ్లడ్ బ్యాంకు నర్సుకు ఫోన్ చేస్తే ఒక్కో అక్షరం చదివింది. అక్క కాపీతో సరిపోయింది. ఆయన సర్వర్లో ఆ గుర్తే లేదు.

ఆయన ముఖం మాడిపోయింది. "ఒక్క నిమిషం బయట మాట్లాడుకుందాం తల్లీ."

"బయటెందుకు సార్? చూసేవాళ్ళకి శుభ్రంగా కనపడాలన్నారుగా."

ఆయన ఉద్యోగం పోయింది, ఆయన కుర్చీ నాకొచ్చింది. మెర్క్యూరియల్‌కి మారదామా అని డైరెక్టర్ గారు అడిగితే వద్దన్నాను. అక్క కాపీ సర్వర్లో పెట్టాను. ఇస్త్రీ చేసిన చరిత్రను మాత్రం తీసెయ్యలేదు. దాన్ని సర్వర్లోనే పక్కన వేరే కొమ్మగా ఉంచి, దానికి ఆయన ఇంటిపేరుతో సహా పూర్తిపేరు పెట్టాను.

"పోనీలేవే, ఇంక వదిలెయ్," అంది అక్క.

వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళు కాపీ దింపుకున్నప్పుడల్లా అదీ దిగుతుంది. ఈ పేరెవరిది మేడమ్ అని అడుగుతారు. నేను చేస్తున్న పని ఆపి, కుర్చీ చూపించి, మొదటినుంచీ చెప్తాను.