లాబీ గీత

డిసెంబరు నెలలో కాలేజీలో ఎవరినైనా చేర్చుకుంటారా? లక్ష్మప్పను చేర్చుకున్నారు! 1979లో, మా ఆదోని కాలేజీలో. హొళగుంద జాతరలో వాడు చెడుగుడు ఆడుతుంటే మా డ్రిల్లు మాస్టరు వెంకోబారావు సారు చూశారట. ఒక్క కూతలో నలుగురిని ఔట్ చేసి వచ్చాడట. అంతే, వారం తిరక్కుండా వాడికి సీటు, హాస్టల్లో మంచం, కొత్త బనియను అన్నీ అమరిపోయాయి.

మరి నేనెవరిని? కైరుప్పల చేలల్లోంచి వచ్చిన నన్ను సారు రెండేళ్ళు కూర్చోనివ్వకుండా తయారుచేశారు. మొదట్లో ఇరవై లెక్కపెట్టేలోపే నా కూత తెగిపోయేది. పొద్దున్నే నల్లరేగడిలో పరుగెత్తిస్తూ, గట్టు మీద సైకిలు తోసుకుంటూ "ఆపొద్దప్పా, కూత ఆపొద్దు" అని అరిచేవారు. కర్నూలు పోటీల్లో మన జట్టుకు మొదటి కూత నాదే అనుకుంటూ ఆ రెండేళ్ళూ బతికాను. లక్ష్మప్ప వచ్చిన ఆ ఏడే నాకు కాలేజీలో ఆఖరిది.

"మొదటి కూత లక్ష్మప్పకిస్తాండాను దేవేంద్రప్పా. నువ్వు రెండోది పో" అన్నారు సారు.

"నన్ను తయారుజేసింది దీనికేనా సార్?"

"వానిది పుట్టుకతో వచ్చిన కూత. ఏం జేయమంటావు?"

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ రోజు నుంచి వాడు నవ్వితే మంట, తింటే మంట. పైగా ఆ "అన్నా, అన్నా" ఒకటి! నా చెప్పుల పక్కన వాడు చెప్పులు విడిస్తే, నావి తీసి దూరంగా పెట్టుకునేవాణ్ణి.

జనవరిలో ఎలక్షన్లు వచ్చాయి. సారుకు డ్యూటీ పడింది.

"నేను నేరుగా కర్నూలికే వస్తాను. లాబీ సంగతి వానికి నువ్వే సెప్పాల" అని నాకు అప్పజెప్పి పోయారు.

కబడ్డీ కోర్టుకు రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీ ఉంటుంది. ఎదుటివాణ్ణి తాకకముందే కూతకు పోయినవాడు అందులో కాలు పెడితే ఔట్. ఊళ్ళ చెడుగుడులో ఆ గీతే ఉండదు. వాడికేం తెలుసు?

చెప్పలేదు. సున్నం డబ్బా నా చేతిలోనే ఉంది. ప్రాక్టీసుకు మా కాలేజీ మైదానంలో బయటి గీతలు గీశాను, లాబీ గీతలు గీయలేదు. ఎవరో అడిగితే "సున్నం సాల్లేదులేప్పా" అన్నాను.

కర్నూలులో మా మొదటి మ్యాచి. మొదటి కూతకు లక్ష్మప్ప పోయాడు. అలవాటు ప్రకారం అంచు పట్టుకుని జారుతూ లాబీలో కాలు పెట్టాడు. విజిలు పడింది. ఎందుకో అర్థంకాక నవ్వుతూ బయటికొచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లోపలికి రాగానే మళ్ళీ అదే. ఈసారి వాడు కోర్టులోని గీతలను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పోయి మళ్ళీ బయట కూర్చున్నాడు. వాడు బయట కూర్చున్నంతసేపూ ముందు కూత నాదే. ప్రాణం పెట్టి ఆడి మూడు పాయింట్లు తెచ్చాను. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఆట సగంలో వచ్చి, వాడి రెండో ఔట్ చూసిన సారు ముఖం నల్లబడిపోయింది. "లాబీ గురించి వీనికి సెప్పలేదా దేవేంద్రప్పా?"

నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగాను.

"సెప్పినాడు సార్" అన్నాడు లక్ష్మప్ప. "ఒకటికి రెండుసార్లు సెప్పినాడు. నేనే మర్సిపోయినాను."

సారు వాణ్ణి అందరి ముందూ కడిగేశారు. "పుట్టుకతో వచ్చిందే సాలనుకున్నాను, నాది బుద్ధి తక్కువ. కష్టపడి నేర్సుకున్నోడు దేవేంద్రప్ప. ఆయప్పను సూసి బుద్ధి తెచ్చుకోరా!"

ఆ మాట వినాలనే నెల రోజులుగా కుమిలిపోయాను. విన్నాను. నేల చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చే బస్సు ఎమ్మిగనూరు దాటాక లక్ష్మప్ప గుడ్డమూట విప్పి జొన్నరొట్టెలో సగం నాకు తుంచి ఇచ్చాడు.

"ఎందుకురా అబద్ధం సెప్పినావు?" అన్నాను.

"నువ్వు ఈ యేడు పోతావు గదన్నా. రెండేండ్లు నిన్ను తిప్పిన సారు దగ్గర నీ పేరెందుకు సెడగొట్టాల? నాకింకా రెండేండ్లుంది. రేపు ఆ గీత యాడుంటుందో సూపీ, సాలు."

సిగ్గుతో చచ్చిపోవాల్సినవాణ్ణి. కానీ ఈ గుణం కూడా వీడికి పుట్టుకతోనే వచ్చిందా అని నా కడుపు మళ్ళీ మండింది.