గూడబాతు దవడ

దవడే మొదట విడిపోతుంది. కొల్లేటి గట్టున దొరికిన ఏ గేదె పుర్రె చూసినా అంతే, కింది దవడ ఎక్కడో పది గజాల అవతల పడి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది మాంసమే. మాంసం పోయాక ఇక పట్టుకునేదేదీ లేదు. ఈ మాట ఎవరితో అనాలి? భార్య రూతమ్మతో అంటే, "పొద్దున్నే ఆ పుర్రెల గోలేంటండీ" అంటుంది. అనేది. ఇరవై రోజుల జ్వరంలో అంత పొడుగు మాట ఆమె నోట రాలేదు. ఇవాళ బయల్దేరుతుంటే మాత్రం అడిగింది.

"పెందలాడే వచ్చేస్తారా?"

తలూపాడు.

జీవరత్నం ఏలూరులో ఒక హైస్కూలు సైన్సు గదికి బంట్రోతు. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో చేరాడు. ఈ ఆరేళ్లలో కుక్క, కోతి, తాబేలు, వాలుగ చేప, అన్నింటి తలలూ కుండల్లో మురగబెట్టి, కడిగి, ఇత్తడి తీగతో కూర్చాడు. ఆ వాసన గోళ్లలోంచి పోదు. అందుకని అన్నం చెంచాతో తింటాడు. పేటలో అతన్ని చెంచా దొరగారంటారు.

ఇవాళ గూడబాతు, ముక్కు కింద సంచి వేలాడే కొల్లేటి పక్షి. ఆకివీడు పడవవాడు తెచ్చిచ్చి నెల దాటింది. స్కూలు పెరట్లో కుండ వంచి, జానెడున్నర కింది దవడ తీశాడు. తర్వాత పుర్రె. ఆ రెంటికీ నడుమ, చెరో పక్కా ఒక చిన్న ఎముక ఉంటుంది, చింతపిక్కకు కాస్త పెద్దది. అది లేకపోతే పక్షి నోరు నిలవదు. "మనక్కూడా ఉందయ్యా ఆ ఎముక," అన్నారు ఒకసారి సైన్సు మాస్టారు నిత్యానందం గారు. "దవడను వదిలేసి చెవిలోకి పోయింది. దాంతోనే వింటున్నాం." ఆ రోజు జీవరత్నం చాలాసేపు చెవి ముందు తడుముకున్నాడు.

మధ్యాహ్నం సెలవు అడగాలి. మాట నోటిదాకా వచ్చింది. మాస్టారే ముందు అడిగారు.

"ఏమయ్యా, రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. పక్షి సిద్ధమేనా?"

"ఒక ఎముక కనబడ్డం లేదండి."

"మళ్లీ చూడు. నోరు వేలాడేసిన పక్షిని చూపిస్తే నన్నూ దాని పక్కనే నిలబెడతారు."

సెలవు మాట అక్కడే ఆగిపోయింది. కుండ నీళ్లు పారబోసిన చోట బురదంతా వేళ్లతో జల్లించాడు. వెతుకుతున్నంతసేపూ మనసు తేలిగ్గా ఉంది. అది గమనించి సిగ్గుపడ్డాడు. ఇంట్లో ఆమె ఊపిరి తీసే చప్పుడు వింటూ కూర్చోవడం కంటే ఈ బురద నయం. పొద్దు వాలాక, ఎముక బదులు మైనం ముద్ద పెట్టి తీగ బిగించాడు.

ఇంటి అరుగు మీంచి పక్కింటి సువార్తమ్మ లేచి నిలబడింది.

"మధ్యాహ్నం రెండింటిదాకా మీ కోసమే అడిగిందండీ. వచ్చారా, వచ్చారా అని. తర్వాత అడగలేదు."

లోపల చాప మీద రూతమ్మ నోరు తెరుచుకుని ఉంది, ఏదో చెబుతూ మధ్యలో ఆగినట్టు.

"ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదు, బిగుసుకోకముందే దవడ కట్టాలండీ," అంది సువార్తమ్మ వెనకనుంచి. "గుడ్డేదైనా ఉంటే..."

భుజం మీది కండువా తీశాడు. కొసన ముడి తగిలింది. విప్పితే చిన్న ఎముక చాప మీద పడింది. పొద్దున, ఎక్కడా పోకూడదని, తనే కట్టుకున్నాడు. రోజంతా భుజం మీదే ఉంది. మరిచిపోయాడా? ముడి వేసిన చేతికి తెలియదా? దీని గురించి తనను ఎవరూ అడగరు. అడగరన్న ధైర్యం కూడా ఆ చేతికి ఉండే ఉంటుంది.

ఆమె చెవి ముందు వేళ్లు పెట్టాడు. కీలు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. దవడ మెల్లగా పైకెత్తి, కండువా గడ్డం కిందనుంచి నెత్తి మీదికి తెచ్చి, ముడి వేయబోయి ఆగాడు. వంగి, ఆమె చెవిలో అన్నాడు.

"వచ్చానే."

అప్పుడు ముడి వేశాడు. ఎముక ఆమె తల పక్కన చాప మీదే ఉంది, పొద్దున కడిగినప్పటి తెలుపుతో.