తవిటమ్మ నామవాచకము

శ్రావణమాసారంభమున దివారాత్రవిభాగము నెఱుంగనీయక వర్షించుచున్న నీలమేఘమండలము నాగావళీతీరమునందలి గెడ్డవలస గ్రామముపై వంగి వ్రాలుచుండ వరినాట్లు వేయు స్త్రీల పాటలును వానజోరును గలసి యొక్కటే ఘోషయై యూరివారి చెవులను నింపుచుండ పెంకులు జాఱిన పైకప్పునుండి కారు నీటిధారలను దప్పించుకొనుచు రెండవ తరగతి బాలబాలికలు పాఠశాలలో నొండొరుల నానుకొని కూర్చుండిరి. వారి యుపాధ్యాయుడు భానుమూర్తి పంతులు వ్యాకరణమునందు ఘనుడు. లోకజ్ఞానమునందును నంత ఘనుడని చెప్పజాలము.

ఆనాటి పాఠము నామవాచకము. “పేరును దెలుపు పదము నామవాచకము” అని పిల్లలచేత గొంతెత్తి పలికించి యాయన నల్లబల్లపై “ఎద్దు తవుడు తినెను” అని వ్రాసి యందలి నామవాచకముల జెప్పుడనెను. ముందువరుసలోని గడుగ్గాయి యొకడు లేచి “ఎద్దొకటండీ, తవుడొకటండీ” అని సరిగానే చెప్పెను. చెప్పి యూరకుండక వెనుకకు దిరిగి “ఒలే తవిటీ, నిన్ను ఎద్దు తినేసిందే!” అనెను. తరగతి యంతయు గొల్లుమనెను. తవిటమ్మ యను నా చిన్నది మోకాళ్ళ నడుమ మొగము దాచుకొనెను.

ఆ పేరు వేడుకకు బెట్టినది కాదు. ఆమె తల్లి సన్యాసమ్మకు మున్ను పుట్టిన బిడ్డలందఱును పురుడు వెడలకయే గతించిరి. కావున నీ శిశువు భూమిపై బడినంతనే పెంటకుప్పపై నుంచి పొరుగింటి ముసలమ్మ యెత్తుకొనగా నామెకు జేటెడు తవుడిచ్చి మరల గొనుక్కొని తవిటమ్మ యని పిలుచుకొనిరి. తవుడుపాటి విలువగల దానికై మృత్యువు చేయి సాపదని యా ప్రాంతమువారి నమ్మకము. పట్టణమునుండి క్రొత్తగా వచ్చిన పంతులున కీ సంగతి తెలియదు. తెలిసికొనవలయునని తోపనైన లేదు.

దయార్ద్రహృదయుడై యాతడు “అమ్మాయీ, తవుడు వస్తువు పేరు గాని మనుష్యుల పేరు గాదు. నేటినుండి నీవు సువర్ణవు” అని పలికి యెద్దును దవుడును దుడిచివైచి “సువర్ణ చక్కని పిల్ల” అని వ్రాసెను. బంగారమును వస్తువే యన్న చిన్నమాట యంతటి వైయాకరణునకు స్ఫురింపకపోవుట విచిత్రమే. బాలిక మాత్రము తలయెత్తెను. మెల్లగా వచ్చి యా యక్షరములపై వ్రేలుంచి “ఇది నానేటండీ?” అని యడిగెను.

నాటినుండి యామె తవిటమ్మ యని పిలిచిన బలుకుట మానెను. ఇంట దల్లి గద్దించినను దోటివారు గేలిసేసినను సువర్ణ యన్నగాని తిరిగి చూడదయ్యెను. పక్షము గడవకమున్నే యామెకు విషజ్వరము సోకెను.

సన్యాసమ్మ వానలో దడిసి ముద్దయై పాఠశాల గడపలో నిలిచెను.

“ఏటి బాబూ, నీకేటి అపకారం సేసినాను? తవుడు సాటున దాసుకున్నాను నా పిల్లని. నువ్వు బంగారమని బల్లమీద రాసి ఊరందరికీ సూపించేసినావు. సావుకి కూడా సూపించేసినావు!”

మూఢవిశ్వాసమును ఖండింప దగిన వాక్యములు పెక్కులు పంతులు నాలుకపైకి వచ్చెను గాని యా తల్లి మొగము జూచి వానినన్నింటిని విడిచెను. “అమ్మా, ఎఱుంగక చేసితిని” అని మాత్ర మనెను.

“ఎరగనోడివి అడగాల కదా! నువ్వెట్టిన పేరు నువ్వే తియ్యాల. వచ్చి పాత పేరెట్టి పిలు.”

ఆతడు వెంట నడచెను. కుక్కిమంచముపై బాలిక కన్నులు మూసికొని పండ్లు బిగించి పడియుండెను. కషాయము లోపలికి బోకున్న నాశలేదని వైద్యుడు చెప్పిపోయెనట. పంతులు మంచముకడ గూర్చుండి “తవిటమ్మా!” అని పిలిచెను. ఎన్నిమార్లు పిలిచినను బాలిక కదలదయ్యెను. తల్లి పిలిచెను, బ్రతిమాలెను, ఱొమ్ము బాదుకొనెను. కషాయము పెదవుల జివరనుండి జాఱి చెంపలపై గారిపోయెను. తుద కాతడు రెండవ పేరు పలుక బోవ సన్యాసమ్మ చివాలున నాతని నోటి కడ్డముగా జేయి పెట్టి “వద్దు బాబూ, నీ గొంతు పెద్దది” అనెను.

పిమ్మట దానే లేచి తలుపు మూసి బిడ్డపై వంగి తన కొంగుతో నిద్దఱి తలలను గప్పుకొని చెవిలో “సువర్ణా” అనెను. ఆ మాట నామె పలుకుట యదే మొదలు.

“ఏటే అమ్మా?” అని బాలిక కన్ను విప్పెను. కషాయము గ్రుక్కగ్రుక్కగా మ్రింగెను.

సన్యాసమ్మ యానందించెనో భయపడెనో యామెకే తెలియదు. ఆ పిలుపు తన బిడ్డ యొక్కతెయే వినెనో గుమ్మము వెలుపల మఱియెవ్వడేని వినెనో యని తలుపు వంకనే చూచుచుండెను. భానుమూర్తి పంతులు లేచి పోయి యా తలుపునకు వీపానించి తెల్లవాఱువఱకు నచ్చటనే నిలుచుండెను.