మా తమ్ముని జీతం

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. నాలుగో తరగతితోని నా బడి బంద్ అయింది. తప్పులుంటే సదురుకొండ్రి.

శ్రీపాల్ నా తమ్ముడు. భూపాలపల్లి బొగ్గుబాయిల పని. నా పెనిమిటి పోయినప్పటి నుంచి వాని క్వార్టర్‌లనే ఉంటున్న. వాడు షిఫ్టు దిగి వచ్చేసరికి వాని భార్య సుమిత్ర నీళ్లు కాగబెట్టేది, నేను మసిబట్టలు ఉతికేది. ఒకనాడు వాడు ఆమెను తల్లిగారింటికి తోలి విడాకులకు కేసు వేసిండు. తనకు, బిడ్డ సింధుకు నెలనెలా ఖర్చులు ఇయ్యాలని ఆమె అడిగింది.

జీతం తక్కువ చూపియ్యమని చెప్పింది నేనే. బాయిల చానామంది చేసేదే అది. అప్పులు తీసి, కటింగులు పెట్టించి, చేతికొచ్చేది తక్కువని చూపిస్తరు. వాడు డెబ్బై వేలను ముప్పై వేలని రాసిచ్చిండు. ఆ వారమే వాని ప్యాంట్లు వానికి పొడుగైనయి, నేను మడిచి కుట్టిన. రెండో వాయిదాకు పదిహేను వేలన్నడు. వానికి పిల్లల చెప్పులు కొన్నం. మూడో వాయిదాకు నాలుగు వేలన్నడు. వకీలు వాన్ని బల్లమీద నిలబెట్టి సంతకం పెట్టించిండు. జడ్జిసాబు నెలకు వెయ్యి ఇయ్యమన్నడు.

కోర్టు మెట్లమీద వాడు నా సంచిలకెళ్లి తల బయటపెట్టి, సుమిత్రను చూసి, "ఏమే, వెయ్యిరూపాయల పెండ్లామా, సరిపోతదా?" అని నవ్విండు. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకొని పోయింది.

సోమవారం డ్యూటీకి పోతే, టోపీ పెట్టంగనే మనిషే కనబడలేదు. డాక్టర్లు పనికి చాలడని రాసిండ్రు. అట్ల రాస్తే ఆ నౌకరి ఇంట్లోళ్లకు ఇస్తరు. విడాకులు ఇంకా కాలేదు కదా, కంపెనీ కాయితాలల్ల భార్య సుమిత్రనే. నౌకరి ఆమెకు వచ్చింది, క్వార్టరు కూడా.

ఆమె పెట్టె పట్టుకొని వచ్చింది. కేసు వాపసు తీసుకుంటనని, కలిసుందామని వాడు ఉప్పుడబ్బా పక్కన నిలబడి బతిమిలాడిండు. ఆమె వాని దిక్కు చూడలేదు.

"వదినె, బిడ్డను చూసుకునేటందుకు నువ్వుండు. ఆయన వద్దు."

"తోడబుట్టినోడమ్మా," అన్న.

"అయితే ఇద్దరు పోండ్రి."

నాకు పోను ఇల్లు లేదు.

తెల్లారి ఆమెకు సద్ది కట్టిచ్చిన. తర్వాత తమ్ముణ్ని రుమాల్‌ల చుట్టుకొని బస్టాండుకు పోయి, హన్మకొండ బస్సుల ఆఖరి సీటుమీద కూసోబెట్టిన.

"అక్కా, టికెట్టు?" అన్నడు.

"గింతంత మనిషిని ఎవరడుగుతర్రా," అని దిగిన.