నీళ్ళు పోసే చేతులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు తల్లి చేతుల తరువాత ఎరిగినవి చిన్నతల్లి చేతులే. శ్రీకాకుళం నుంచి కోడలిగా ఈ క్వార్టర్లకు వచ్చింది మొదలు, బాలింత ఉన్న ఏ ఇంటికైనా పొద్దున్నే ఆవిడ వెళ్ళవలసిందే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోసేది. ఇవాళ లోకో షెడ్డులో మీసాలు మెలేసుకుని డ్యూటీ చేస్తున్నవాళ్ళలో సగంమంది ఒకప్పుడు ఆవిడ చీర తడిపినవాళ్ళే.

అలాంటి మనిషి సొంత మనవరాలిని ముట్టుకోవడం లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. చిన్నతల్లిది తిరగబడింది. కోడలు రాజశ్రీ ఆసుపత్రి నుంచి బిడ్డతో వచ్చిన మర్నాడు నూనె గిన్నె సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటే, "నాకు నడుం పట్టీసింది, పక్కింటి రజినిని పిలు" అంది అత్తగారు. రెండో రోజు పూజ ఉందంది. ఆ తరువాత సాకులు వెతికే ఓపిక కూడా లేక, నీళ్ళు కాగే వేళకు వాకిట్లోకి వెళ్ళి నిలబడిపోయేది. పైగా మే నెల ఎండకు పసిదాని ఒళ్ళంతా పేలిపోతుంటే, చలేస్తోందని కూలర్ ఆపేసేది. బిలాస్‌పూర్‌లో, మే నెలలో, చలి!

రాజశ్రీది దగ్గర్లోనే ఉన్న కోటా. చిన్నతల్లి కొడుకు చిరంజీవి ఇష్టపడి చేసుకున్న పిల్ల. తెలుగింటి పిల్ల కాదని పెళ్ళప్పుడు చిన్నతల్లి కొన్నాళ్ళు మూతి ముడుచుకున్న మాట నిజమే. తరువాత ఇద్దరూ కలిసిపోయారు. కానీ పాత గాయం మీద కొత్తగా గోరు తగిలితే ఎవరికైనా పాతదే గుర్తుకొస్తుంది. ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు పోసిన చేతులకు నా బిడ్డే చేదయిందా అని రాజశ్రీ లోపల్లోపల కుమిలిపోయింది.

చిన్నతల్లి గోడు వేరు. నాలుగైదు నెలలుగా రాత్రిళ్ళు ఆవిడ చేతులు మొద్దుబారుతున్నాయి. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు ముందు చీమలు పాకినట్టు మొదలై, తరువాత అసలు తనవి కానట్టే అయిపోయేవి. లేచి కూర్చుని విదిలిస్తే కాసేపటికి ప్రాణం వచ్చేది. పోనుపోను పగలు కూడా పట్టు తప్పసాగింది. బిడ్డ ఇంటికొచ్చే ముందురోజు స్నానాలగది కడుగుతుంటే నిండు చెంబు చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. అదే పసిగుడ్డయితే?

దానికి తోడు ఇంకో భయం. ఆవిడ అత్త మంగాయమ్మ కూడా చెయ్యి తిమ్మిరెక్కుతోందని అంటూ అంటూనే ఒకనాడు పక్షవాతంతో పడిపోయింది. ఏళ్ళ తరబడి మంచంలో ఆవిడకు అన్నీ చేసింది చిన్నతల్లే. ఆ చాకిరీ ఏమిటో తెలిసిన మనిషి కనుక, పచ్చి బాలింత నెత్తిన ఆ కబురు ఎలా పెట్టాలో తెలియక నోరు కుట్టేసుకుంది. పిచ్చి మనిషి! చెప్పని మాటను ఎదుటివాళ్ళు తమకు తోచినట్టు పూరించుకుంటారని ఆ వయసుకైనా తెలియవద్దూ?

రాజశ్రీ అలాగే పూరించుకుని ఒక మధ్యాహ్నం సంచి సర్దింది. ఆమె మాట్లాడేది హిందీ, చిన్నతల్లి జవాబిచ్చేది తెలుగు. ఆ ఇంట్లో అలాగే సాగిపోతుంది.

"మమ్మీజీ, సాయంత్రం మెమూ బండికి కోటా వెళ్ళిపోతున్నాం. మళ్ళీ ఎప్పుడొస్తామో నాకే తెలీదు."

"సిరంజీవి డ్యూటీ నుంచి రానీ తల్లీ. అంత తొందరేటి?"

"ఆయనకి ఫోన్‌లో చెప్పాను. మీకు నేను నచ్చకపోతే పోనీండి. ఇది మీ రక్తం కదా. వెళ్ళేముందు ఒక్కసారైనా ఎత్తుకోండి." అంటూ బిడ్డను అత్తగారి చేతుల్లోకి అందించబోయింది.

చిన్నతల్లి రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

"ఒద్దమ్మా, ఒద్దు! పడీసీగల్ను! నా సేతులు నా మాట ఇనట్లేదే!"

అని గోడకు చేరగిలబడి భోరుమంది. అన్నేళ్ళూ ఎవరి ముందూ ఏడవని మనిషి. రాత్రుళ్ళ సంగతి, చెంబు సంగతి, మంగాయమ్మ సంగతి, అన్నీ ఎక్కిళ్ళ మధ్యనే కక్కేసింది.

రాజశ్రీ బిడ్డను మంచం మీద పడుకోబెట్టి వచ్చి ఆ చేతులు పట్టుకుంది. ఉబ్బి ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. అత్తగారి మొహం కూడా ఉబ్బినట్టుండడం ఆమె అప్పుడే గమనించింది. కడుపుతో ఉన్నప్పుడు తనకు థైరాయిడ్ తక్కువుందని మాత్రలిచ్చిన డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

"అచ్ఛా మమ్మీజీ, కూలర్ ఆపేసేది నిజంగా చలేసేనా?"

"మరేటి? నీ మీద కోపంతోననుకున్నావేటి?"

"విరేచనం సరిగ్గా అవుతోందా? ఎప్పుడూ నీరసమేనా? గొంతు బొంగురుపోయిందే!"

అన్నిటికీ ఔననే తలూపింది చిన్నతల్లి. రాజశ్రీ సంచి మంచం కిందకి తోసేసింది.

మర్నాడు రైల్వే ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నతల్లి మణికట్లు వంచి చూసింది, రక్తపరీక్ష రాసింది. ఫలితం వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది. "ఇది పక్షవాతం కాదమ్మా. థైరాయిడ్ బాగా తగ్గింది. దానివల్ల మణికట్టు దగ్గర ఇరుకు సందులో వాపొచ్చి నరం నొక్కుకుపోతోంది. నిద్రలో చేతులు మడుచుకుంటాం కదా, అందుకే రాత్రిళ్ళు ఎక్కువ. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకో, రాత్రి ఈ పట్టీలు కట్టుకుని పడుకో. కొన్ని నెలలు పడుతుంది. తగ్గకపోతే మళ్ళీ చూద్దాం."

"నెలలా? అప్పటికి మన గుంట నడిసీస్తాది కదా?" అంది చిన్నతల్లి దిగులుగా.

మరునాడు పొద్దున రజిని వస్తే, రాజశ్రీ గుమ్మంలోనే నవ్వి పంపించేసింది. స్నానాలగదిలో పీట వేసి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మొద్దుబారినవి చేతులే కదా. కాళ్ళు బాగానే ఉన్నాయిగా? చాపండి."

"నీకెలగొస్తాదే నీళ్ళు పొయ్యడం?"

"మీరు చెప్పండి, నేను పోస్తాను."

చిన్నతల్లి కాళ్ళు చాపింది. రాజశ్రీ పసిదాన్ని జాగ్రత్తగా ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని ఒక చేత్తో బిడ్డను పట్టుకుని రెండో చేత్తో నూనె రాయడం మొదలుపెట్టింది. మోకాలి సందులు మరిచిపోకంది అత్తగారు. మెడ కింద మెల్లగా అంది. నీళ్ళు ముందు నీ చేతిమీద పోసుకుని చూడమంది. అంటూ అంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

రాజశ్రీ కంగారుగా తలెత్తింది. "ఏమైంది మమ్మీజీ? కాళ్ళు కూడా తిమ్మిరెక్కాయా?"

"లేదే," అంది చిన్నతల్లి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "బరువు తెలస్తంది. గుంట మంచి బరువుగున్నాది." ఆ మాట నోరు జారగానే నాలిక్కరుచుకుని, దిష్టి తగలకుండా పక్కకి తిరిగి గబగబా మూడుసార్లు ఉమ్మింది.