బావిలోకి దిగిన పాప

"నీ కతను సినిమా తీసినాం మా. ఆదివారం మధ్యాన్నం ఓబన్న మామ గోడౌన్లో చూపిస్తా" అని మా కూతురు సువర్ణ చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట ఒకటే.

"పాప చచ్చిపోతాది కదా?"

సువర్ణ నవ్వింది. "వచ్చి చూడు" అంది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను చదివింది ఏడో తరగతి. అయినా తొమ్మిది కథలు రాశాను. అనంతపురంలో రామాంజనేయులు సారు వాటిని చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. తొమ్మిదింటిలోనూ ఎవరో ఒక బిడ్డ చనిపోతుంది. "ఎందుకమ్మా ఇన్ని చావులు, ఒక్కరినన్నా బతకనీయకూడదా?" అని సారు అడిగితే ఏదో అట్లా వచ్చేసింది సారూ అని తప్పించుకున్నాను. నిజం చెబితే నవ్వుతారు. కొత్త ఇంటికి, కాపు మీదున్న చేనికి దిష్టిబొమ్మ కడతాం కదా, వచ్చే చెడు చూపేదో దాని మీదే పడిపోవాలని. నా కథలు నాకు అవే.

సువర్ణకు ఐదేళ్లున్నప్పుడు ఒక మధ్యాహ్నం గంటసేపు కనిపించలేదు. చివరికి పక్కింటి గడ్డివామి వెనక నిద్రపోతూ దొరికింది. ఆ గంటలో నేను ఊరి బయట ఎండిపోయిన దిగుడుబావి చుట్టూ పిచ్చిదానిలా తిరిగాను. ఆ సాయంత్రమే నోటుబుక్కు తీసి, తప్పిపోయిన మేకపిల్ల కోసం ఒక పాప బావిలోకి దిగినట్టు, కాలు జారి పడిపోయినట్టు రాశాను. ఆ చావు కాగితం మీద జరిగిపోయింది కాబట్టి ఇంక మా ఇంటికి రాదు. పంతొమ్మిదేళ్లయింది, రాలేదు.

ఇప్పుడు సువర్ణ కళ్యాణదుర్గంలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో పని చేస్తుంది. నా దిష్టిబొమ్మను విప్పి పారేసిందేమో అని ఆదివారం దాకా అన్నం సయించలేదు.

ఓబన్న మా అన్న. ఆయన గోడౌనులో శెనక్కాయల మూటలు ఒక పక్కకు జరిపి, గోడకు తెల్ల పంచె కట్టారు. తలుపులు మూసేశారు. బయట మండే ఎండ. లోపల రేకుల సందుల్లోంచి సన్నగా కారే వెలుగులో పొట్టు దుమ్ము తేలుతోంది.

"ఏం పుష్పావతీ, టికెట్ల్యాకుండా వచ్చేసినావే!" అన్నాడు అన్న.

నాకు నవ్వు రాలేదు.

పంచె మీద మా ఊరే కనిపించింది, కానీ మా ఊరు కాదు. అదే ఎర్రమట్టి, అవే వాడిన చేన్లు. అయితే నేల మీదినుంచి ఎండ నీళ్లలాగా పారుతోంది. దానిలో తేలుతూ వచ్చినట్టు ఒక పాప నడిచి వస్తోంది. మా ఊరి చౌడమ్మ మనవరాలు లక్ష్మీదేవి, పదేళ్లుంటాయి. ఎక్కడినుంచో మేకపిల్ల గంట. పాప బావి గట్టు మీదికి ఎక్కింది. లోపలికి దిగింది. పెద్ద గాలిమర ఒకటి ఎక్కడో తిరుగుతున్నట్టుంది, దాని రెక్క నీడ బావి నోటి మీదుగా పోయింది. కొంచెం ఆగి ఇంకొకటి. బావి ఊపిరి తీసుకుంటున్నట్టుంది.

ఒక ఉత్త పాదం రాతిమెట్టు కోసం గాలిలో వెతుకుతోంది.

"జాగ్రత్త పాపా!" అని గట్టిగా కేకేశాను.

గోడౌనంతా నా వైపు తిరిగింది. పంచె మీది పాప మాత్రం తిరగలేదు. దానికి నేను వినపడలేదు. పాదం మెట్టును తాకింది.

అప్పుడే తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. శెనక్కాయలు వొలిచే తిరుపాలమ్మే తల్లి. నోరు తెరిచింది. ఇప్పుడు అరుస్తుంది, నా కథలో మూడు పేజీలు అరిచినట్టు. అరవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గట్టున గొంతుకూర్చుంది. ఒక నీడ, ఇంకో నీడ. బావిలోంచి పావురాలు ఎగిరిపోయాయి. ఎంతసేపు గడిచిందో. మొదట మేకపిల్ల చెవులు. తర్వాత మట్టి కొట్టుకుపోయిన చిన్న చెయ్యి, గట్టు పట్టుకుని. అంతే, అయిపోయింది.

తలుపులు తెరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. "నా మొగం అంత పెద్దగా చూపిస్తివి, పండ్లు ఎన్ని ఊడినాయో ఊరంతా లెక్కేసినారు" అని తిరుపాలమ్మ తిట్టుకుంది.

నేను సువర్ణను మూటల వెనక్కి లాక్కెళ్లాను.

"మార్చు. పాపను చంపు."

"చంపాల్నా? మెల్లగా మాట్లాడు మా, లక్ష్మీదేవి ఈడనే ఉండాది, ఏడుస్తాది."

"దాన్ని నిజంగానే బావిలోకి దింపినారా?"

"నడుముకు మోకు కట్టి, నలుగురం పట్టుకోని. ముందు ఈ కాగితం చూడు. బెంగుళూరు పోటీకి పంపాల. కత రాసినోళ్ల సంతకం లేకుంటే తీసుకోరు."

అప్పుడు చెప్పాను, పంతొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పనిది. దిష్టిబొమ్మల సంగతంతా. మధ్యలో మా ఆయన గోవిందప్ప వచ్చి నిలబడి, నోరెళ్లబెట్టి విన్నాడు.

సువర్ణ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మేమూ చంపుదామనే పోయినాం మా, నువ్వు రాసినట్టే. తిరుపాలవ్వ అరుస్తాంటే పాప ప్రతిసారీ బెదిరి తలెత్తి చూసింది, మోకు బిగించి పట్టుకోవాల్సొచ్చె. సరే, అరుపు తర్వాత కలుపుదాంలే, ఇప్పుడు గమ్మునుండవ్వా అన్నాం. గమ్మునుంది. పాప దాని పాటికది ఎక్కి వచ్చేసింది. మేం మార్చిందేమీ ల్యా. నీ అరుపొకటే తీసేసినాం."

ఆ మూడు పేజీలు రాసేటప్పుడు, తల్లి ప్రేమ చాలా బాగా వచ్చిందని మురిసిపోయాను. సారు కూడా మెచ్చుకున్నారు. నా కథలో పాప తలెత్తింది ఆ అరుపుకే, కాలు జారింది తలెత్తినందుకే. ఆ సంగతి రాసిన నాకే ఇన్నేళ్లూ కనపడలేదు. నా కథ కంటే దీని సినిమా బాగుంది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"ఇంగొకసారి వెయ్యి" అన్నాను.

మళ్లీ తలుపులు మూశారు. ఈసారి నేనొక్కదాన్నే కూర్చున్నాను. పాదం గాలిలో వెతికినప్పుడు రెండు చేతులతో మూట చెవులు పట్టుకుని అరుపు బిగబట్టుకున్నాను. నీడలు పోయాయి, వచ్చాయి. కాసేపటికి నేను గోడౌనులో లేను, ఆ గట్టు మీదే ఉన్నాను, రాయి వేడి కూడా తగిలింది. ఆ పాప ఒక్కోసారి లక్ష్మీదేవిలాగా, ఒక్కోసారి ఐదేళ్ల సువర్ణలాగా కనిపించింది. చెయ్యి పైకి వచ్చింది.

భయం పోలేదు. రేపే ఏమన్నా అయితే? ఆ అనుమానంతోనే సంతకం పెట్టాను. అక్షరాలు వంకర పోయాయి.

సోమవారం పొద్దున సినిమాను పోటీకి ఇచ్చి రావడానికి సువర్ణ బెంగుళూరు బస్సెక్కింది. కిటికీ దగ్గరికి పోయి, "చేరినాక ఒకసారి ఫోన్ చెయ్యి" అన్నాను.

మా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఒక్కసారేనా? ఎప్పుడూ ఊరూరికీ చెయ్యమంటావే, జరమేమన్నా వచ్చిందా ఏమి నీకి?"

పళ్లు బిగపట్టుకుని నిలబడ్డాను. నోరు విప్పానంటే, దారిలో హిందూపురంలో కూడా ఒకసారి చెయ్యమని బస్సు వెంటబడి అరిచేదాన్ని.