గుడ్డ చాటు తాళంచెవి

ఆ పిల్లను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ గుసగుస అనే పిలిచేవారు. మాటలు రాక కాదు, వచ్చిన మాట పక్కనున్నవాళ్ళ చెవికి కూడా అందేది కాదు. బడిలో హాజరు పిలిస్తే ఆమె పలికేలోపే టీచరు గైర్హాజరు వేసి తర్వాతి పేరుకు వెళ్ళిపోయేది.

తండ్రి తాళంచెవులు చేసేవాడు. నాలుగు మెట్లెక్కితే కొట్టు. అందులో చెవి కోసే యంత్రం, రెండు ఆకురాళ్ళు, గోడ నిండా గాట్లు పడని కొత్త చెవులు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పాత నీలం గుడ్డ. ఎవరి చెవి చేతికొచ్చినా, యంత్రానికి వీధివైపు ఆ గుడ్డ అడ్డం కట్టి, దాని చాటునే పని చేసేవాడు. చెవి పళ్ళు చూడటమంటే ఇంట్లోకి తొంగిచూడటమేనని, అన్నం పెట్టే పనిలో ఆ పాడుబుద్ధి ఉండకూడదని అనేవాడు.

చిన్నమ్మ తన పాత ఫోను ఇచ్చాక గుసగుస వీడియోలు మొదలుపెట్టింది. తుప్పు పట్టిన తాళం ఎలా విప్పాలి, విరిగిన చెవి ముక్క ఎలా లాగాలి. మొదటిది పద్నాలుగుసార్లు తీస్తే పదిహేనోసారికి గొంతు వినిపించింది. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకోవడం, ఏది ముందు ఏది వెనక అని ఆలోచించుకోవడం, వెలుగు ఎటునుంచి వస్తుందో చూసుకోవడం ఒక్కొక్కటే ఒంటబట్టాయి. ఎవడో వీడియో కింద, గొంతు దోమలా ఉందని రాశాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు, దోమ కన్నా గట్టిగా మాట్లాడి చూద్దామని కూర్చుంది. ఆ నెలలోనే టీచరు హాజరు పట్టీలోంచి తలెత్తి, పలికింది ఎవరా అని చూసింది.

ఒకరోజు పొద్దున తాళంచెవి కోయడం మీద వీడియో తీస్తోంది. గుడ్డ అడ్డమొచ్చి ఏమీ కనిపించడం లేదు.

"నాన్నా, ఆ గుడ్డ తీసెయ్. రెండు నిమిషాలు చాలు," అంది.

మెట్ల మీద నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూసేంత గొంతుతో అంది. తండ్రి గుడ్డ వంక చూడలేదు, కూతురి వంక చూశాడు. చూసి, ముడి విప్పేశాడు.

ఆ వీడియో అంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ తీయలేదు. చెవి మీది ప్రతి గాటూ కనిపించింది. దానికి వేలాడుతున్న అట్టముక్క మీద 'టైలరమ్మ, రెండో అంతస్తు, చివరి గది' అని ఉన్నదీ కనిపించింది. వేలమంది చూశారు.

మూడోరోజు టైలరమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. ఆమె ఇంట్లో ఏదీ పోలేదు, ఎవరూ తలుపు తట్టలేదు. అయినా రెండు రాత్రులు తలుపుకు కుట్టుమిషను అడ్డం పెట్టుకుని కూర్చున్నానని చెప్పింది.

"నా ఇంటికి ఆ తాళమే మగదిక్కు అన్నయ్యా. దాన్ని తీసుకెళ్ళి సంతలో నిలబెట్టావు," అంది.

కొత్త తాళం తనే బిగిస్తానన్నాడు తండ్రి. ఆమె వద్దని వేరేవాళ్ళ చేత వేయించుకుంది. నెల తిరిగేసరికి మెట్లు ఖాళీ. గుసగుస వీడియో తీసేసింది కానీ, అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో ఎక్కి కూర్చుంది.

అప్పుడు ఆమె మొదటిసారి తన మొహం చూపిస్తూ ఒక వీడియో చేసింది. కాగితం లేదు, కత్తిరింపు లేదు, ఒక్కసారే. తప్పు తనదని, నాన్న ఇరవై రెండేళ్ళలో ఎవరు అడిగినా ఆ గుడ్డ తీయలేదని, తను అడిగితే తీశాడని చెప్పింది. ఎంత బాగా మాట్లాడావో అని జనం రాశారు. తాళంచెవి పట్టుకుని మాత్రం ఒక్కరూ రాలేదు. అంతవరకూ సంగతి తెలియనివాళ్ళకు కూడా ఆ వీడియోతోనే తెలిసింది.

తండ్రి దాన్ని చివరిదాకా చూసి ఫోను తిరిగిచ్చాడు.

"గొంతు వణకలేదమ్మా," అన్నాడు.

"తిట్టొచ్చుగా నాన్నా."

"ఆ గొంతు వినే కదా గుడ్డ తీశాను. ఇప్పుడు దాన్నెలా తిట్టను?"

వారం తర్వాత ఎదుటి చెప్పుల షాపతను గుసగుసను పిలిచాడు. బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నానని, ఆ వీడియోలో మాట్లాడినట్టే తన చెప్పుల గురించి కూడా మాట్లాడిపెట్టమని అడిగాడు. తండ్రే వెళ్ళమన్నాడు.

షాపులో చెప్పులు వరసగా పేర్చి, గుసగుస ఫోను నిలబెట్టింది. అద్దం తలుపులోంచి, ఎదురుగా వాళ్ళ కొట్టు కనిపిస్తోంది. తండ్రి యంత్రం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వీధివైపు నీలం గుడ్డ కట్టే ఉంది. దాని చాటున చేసేందుకు పనేమీ లేదు. లేచి లోపలికి వెళతాడేమోనని ఆమె కాసేపు ఆగింది. వెళ్ళలేదు.

ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. ఫోనును రెండు వేళ్ళంత పక్కకు జరిపింది. తెరలోంచి కొట్టు తప్పుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.